బస్తాలెత్తే నడుం: అపోహలు, వాస్తవాలు

అపోహ: మోకాళ్లు వంచి, వెన్ను నిటారుగా పెట్టి ఎత్తితే నడుముకు ఏమీ కాదు.

వాస్తవం: చాలా గోదాముల్లో ట్రైనింగంటే గోడమీది ఈ బొమ్మే. చిన్న పెట్టెకు సరిపోతుంది, అది రెండు మోకాళ్ల మధ్య ఇముడుతుంది కాబట్టి. బియ్యం బస్తా ఇమడదు. గొంతుక్కూర్చోగానే మోకాళ్లే దాన్ని ముందుకు తోసేస్తాయి. నడుముకు బరువెంతో మాత్రమే కాదు, ఎంత దూరంలో ఉందో కూడా లెక్కే.

పనిచోట భద్రత, ఆరోగ్యాలపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్, ఎంత బరువు ఎత్తొచ్చో లెక్కేసే తన సూత్రాన్ని 1991లో సవరించింది, అది చూడండి. చేతిపట్టు చీలమండల మధ్య బిందువుకు 25 సెం.మీ. దూరంలో, నేలకు 75 సెం.మీ. ఎత్తులో, ఒళ్లు తిప్పే పని లేకుండా ఉంటే పరిమితి 23 కిలోలు. దూరం 50 సెం.మీ. అయితే 11.5. పైగా నేలమీంచి ఎత్తితే సుమారు 9. మాటిమాటికీ ఎత్తితే ఇంకా కిందికే. 50 కిలోల బస్తాకు ఏ భంగిమ నేర్పినా ఈ లెక్కలో ఇమడదు.

హమాలీలు లారీ నుంచి బస్తాను నేరుగా వీపుమీదికి తీసుకుంటారు. బరువు వెన్నుకు ఆనుకుని ఉంటుంది, నేలకు వంగే పనీ లేదు. ట్రైనర్లు వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది కొంత ఉంది.

అపోహ: నడుం బెల్టు కాపాడుతుంది.

వాస్తవం: నొప్పి లేనివాళ్లకు బెల్టు గాయాన్ని ఆపుతుందనడానికి తగిన ఆధారం లేదు. ధైర్యం మాత్రం ఇస్తుంది, ప్రమాదం అక్కడే.

అపోహ: ఇద్దరు పడితే రెట్టింపు మోయొచ్చు.

వాస్తవం: మూడింట రెండు వంతులే లెక్కేయండి. చెరో 20 కిలోలు ఎత్తగలవాళ్లు కలిస్తే 27 దాకా. అడుగులు కలవవు, పట్టు ఒకేసారి పడదు.

అపోహ: అందరికీ ట్రైనింగ్ ఇచ్చేశాం, ఇక బాధ్యత వాళ్లదే.

వాస్తవం: ఎత్తే పద్ధతి మాత్రమే నేర్పితే నడుంనొప్పులు తగ్గినట్టు పరిశోధనల్లో కనబడలేదు. ముందు చోటు మార్చాలి. 15 సెం.మీ. ఎత్తుండే ఖాళీ చెక్క పాలెట్లు (సరుకు పేర్చే చెక్క చట్రాలు) మూడో నాలుగో ఒకదానిమీద ఒకటి కిందవేసి, కదలకుండా కట్టి, పైన బస్తా పెడితే పట్టు తొడల ఎత్తుకొస్తుంది. తీసే చోటికీ పెట్టే చోటికీ మధ్య రెండడుగులు ఎడం ఉంచండి; మరీ దగ్గరైతే కాళ్లు కదలవు, నడుమే మెలి తిరుగుతుంది. కొనేవాళ్లు ఒప్పుకుంటే 25 కిలోల సంచులే అడగండి.

అపోహ: నడుం పట్టేస్తే వారం మంచం దిగకూడదు.

వాస్తవం: మామూలు నొప్పికి వీలైనంత తిరగడమే మేలు. మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు ఈడ్చుకుపోతున్నా అదేరోజు ఆసుపత్రికి.