ఆ డ్రమ్ము మళ్ళీ మళ్ళీ ఎందుకు మోగుతుంది?

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఆదివారం మా పక్క వాటాలో ఉండే ఎనిమిదో తరగతి పాప మెట్ల మీద కూర్చుని పాటలు వింటోంది. ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవిలో పెట్టి, "తాతగారూ, ఇది వినండి. వెనకాల డ్రమ్ము మొదటి నుంచి చివరి దాకా ఒకటే. తిరిగి తిరిగి అదే వస్తోంది. ఇంకోటి వాయించడం రాదా వీళ్ళకి?" అని అడిగింది. అది ర్యాప్ పాట. అప్పటికి ఏదో రెండు మాటలు చెప్పాను గానీ, ఆ ప్రశ్నకు రెండు మాటలు చాలవు. ర్యాప్ పుట్టిన సంగీతాన్ని హిప్‌హాప్ అంటారు, దాని కథలో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. అందుకే మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం.

ముందు ఒక సంగతి తెలియాలి. 1960లు, 70లలో అమెరికాలోని నల్లజాతి కళాకారులు చేసిన డాన్సు పాటల్లో, ఫంక్ పాటలంటారు వాటిని, మధ్యలో ఒకచోట పాడేవాళ్ళు ఆగిపోతారు. గిటార్లు ఆగుతాయి, బాకాలు ఆగుతాయి. డ్రమ్ములొక్కటే మిగులుతాయి. పది సెకన్లో, ఇరవై సెకన్లో. తర్వాత మళ్ళీ అందరూ అందుకుంటారు. ఆ ముక్కని బ్రేక్ అంటారు. డాన్సు చేసేవాళ్ళకు ప్రాణం లేచొచ్చేది అక్కడే.

ఆ ప్రాణం లేచి రావడం ఏమిటో నాకు చిన్నప్పుడే తెలుసు. మా ఊళ్ళో పెళ్ళంటే ముందురోజు సాయంత్రానికే మైక్ సెట్ వచ్చేది. వేపచెట్టు కొమ్మకు హారన్ కట్టేవారు. రికార్డంటే పాట దాచిన నల్లటి పళ్ళెం, తిరుగుతుంటే దాని గాడిలో ముల్లు పెడితే పాట మోగుతుంది. మైక్ సెట్ అబ్బాయి రికార్డు పెట్టె తెరిచి, ఒక్కో రికార్డునీ మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లు దించేవాడు. పిల్లలమంతా ఆ బల్ల చుట్టూనే. అన్నానికి పిలిచినా కదిలేవాళ్ళం కాదు. ఒక పాటలో డోలక్కు ముక్క ఒకటి ఉండేది, ఎంతోసేపు కాదు, చిటికెడు. అది రాగానే ఎగిరేవాళ్ళం. అయిపోగానే "అన్నా, మళ్ళీ అన్నా!" అని అతని చొక్కా పట్టుకుని లాగేవాళ్ళం. అతను మంచివాడు, ముల్లెత్తి వెనక్కి పెట్టేవాడు. కానీ ముల్లెత్తగానే పాట ఆగుతుంది కదా. మళ్ళీ పెట్టేసరికి 'గరగర' మంటుంది, ఒక్కోసారి వేరే చోట పడుతుంది. ఆ కాస్త సందులో మా కాళ్ళు చల్లబడిపోయేవి.

ఆ సందును పూడ్చినవాడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. పేరు క్లైవ్ క్యాంప్‌బెల్. లోకానికి తెలిసిన పేరు డీజే కూల్ హర్క్. జమైకా దేశంలో కింగ్‌స్టన్‌లో పుట్టాడు. 1967లో, పన్నెండేళ్ళప్పుడు, న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ అనే పేటకు వచ్చాడు. జమైకాలో పెద్ద పెద్ద స్పీకర్లు వీధిలో పెట్టి పాటలు వేసి ఊరంతా ఆడే అలవాటు ఉంది. అది చూస్తూ పెరిగినవాడు. 1973లో బడులు తెరిచే ముందు అతని చెల్లెలు సిండీకి కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావలసి వచ్చింది. వాళ్ళుండే భవనం 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. అందులో అందరూ వాడుకునే హాలు అద్దెకు తీసుకుని పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు టికెట్టు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేసే పని అన్నయ్యది. ఆగస్టు 11, 1973. హిప్‌హాప్ పుట్టినరోజు అని ఇప్పుడు లోకమంతా చెప్పుకునే రోజు అదే. అందరూ హర్క్ పేరే చెబుతారు. మీరు సిండీ పేరు కూడా చెప్పండి, ఆ పార్టీ ఆ పిల్ల ఆలోచన.

హర్క్ పాటలు వేస్తూ ఆడేవాళ్ళ కాళ్ళనే గమనించేవాడు. పాటంతా ఒక ఎత్తు, బ్రేక్ ఒక్కటీ ఒక ఎత్తు. కొందరైతే బ్రేక్ వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడి, అది రాగానే దూకేవారు. సరే, వాళ్ళకు కావలసింది అదే అయితే అదే ఎందుకు ఇవ్వకూడదు? ఒకే రికార్డును రెండు కొన్నాడు. పక్కపక్కన రెండు ప్లేయర్లు పెట్టాడు.

ఇక్కడ మా అమ్మమ్మగారింటి బావి చెప్తాను, మీకు బాగా అర్థమవుతుంది. గిలక బావి. చేంతాటికి ఆ కొసా ఈ కొసా రెండు బొక్కెనలు. ఇటు లాగితే నీళ్ళతో ఒకటి పైకొస్తుంది, అదే లాగుడుకి ఖాళీది కిందికి పోతుంది. పైకొచ్చినదాన్ని గోలెంలో వంచేలోపు కిందిది నిండుతుంది. ఒకే బొక్కెన అయితే నీళ్ళు రావడం ఆగుతుంది. రెండుంటే ధార తెగదు. హర్క్ చేసింది సరిగ్గా ఇదే. ఎడమ రికార్డు మీద బ్రేక్ మోగుతుంటే కుడి రికార్డును బ్రేక్ మొదలుకి తెచ్చి పెట్టుకుంటాడు. ఇది అయిపోగానే అది. అది మోగుతుండగా దీన్ని వెనక్కి. ఇరవై సెకన్ల ముక్క ఐదు నిమిషాలవుతుంది, పది నిమిషాలవుతుంది. ఆడేవాళ్ళ కాళ్ళు చల్లబడవు.

పాపా, నువ్వడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. వేరేది రాక కాదు. ఉన్నదాంట్లో అన్నిటికన్నా రుచిగా ఉన్న ముక్కని తెగకుండా తోడుతున్నారు.

బావి దగ్గర ఇంకాసేపు కూర్చుందాం. ఎండాకాలం నీళ్ళు లోతుకు పోయేవి. బొక్కెన నీళ్ళను ఎప్పుడు అందుకుంటుందో చీకట్లో కనపడదు. మా అమ్మమ్మ చేంతాటికి ఒకచోట ఎర్రగుడ్డ పీలిక కట్టింది. పీలిక గిలక దగ్గరికి వచ్చిందంటే బొక్కెన మునిగినట్టే. బ్రాంక్స్‌లో జోసెఫ్ శాడ్లర్ అనే కుర్రాడు, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అంటారు, ఇలాంటి పీలికే కట్టాడు. హర్క్ ముల్లును కంటి అంచనాతో దించేవాడు, ఒక్కోసారి తాళం తప్పేది. ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీశాడు. ఆ గీత ఎక్కడికొస్తే బ్రేక్ అక్కడ. పైగా అతను ఒకేషనల్ హైస్కూల్లో ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. జనం ఒక రికార్డు వింటుండగా రెండోది తానొక్కడే హెడ్‌ఫోన్లో వినేలా ఒక స్విచ్చు చేసుకున్నాడు. అలా నీళ్ళు అందాయో లేదో ముందే తెలుసుకుని లాగుతాడన్నమాట.

గిలక కీచుమంటుంది కదా, దాన్ని కూడా సంగీతం చేశారు. ఇది చేసింది పన్నెండు, పదమూడేళ్ళ పిల్లవాడు, గ్రాండ్ విజార్డ్ థియొడోర్. ఆ సంగతి ఆయనే చెప్పాడు. గదిలో గట్టిగా పాటలు పెట్టుకుంటే అమ్మ వచ్చి కేకలేసింది. ఆమె మాట వినడానికి తిరుగుతున్న రికార్డు మీద చెయ్యి పెట్టి ఆపాడు. ఆ చెయ్యి అటూ ఇటూ కదిలింది. ముల్లు గాడిలో 'విక్కీ విక్కీ' అంది. అమ్మ వెళ్ళిపోయాక ఆ శబ్దాన్నే పట్టుకుని నెలల తరబడి సాధన చేశాడు. స్క్రాచింగ్ అలా వచ్చింది.

ఇక బావి గట్టు మీద మాటలు. నీళ్ళు తోడేచోట మాటలు లేకుండా ఉంటాయా? హర్క్ పక్కన కోక్ లా రాక్ అనే స్నేహితుడు మైకు పట్టుకుని, వచ్చినవాళ్ళను పేరు పెట్టి పలకరించేవాడు, హుషారు చేసేవాడు. ఆ పలకరింపులకు ప్రాసలు కుదిరాయి, ప్రాసలు పొడుగయ్యాయి, ఒకరి తర్వాత ఒకరు పోటీలు పడ్డారు. అదే ర్యాప్. ముందు డ్రమ్ము, తర్వాతే మాట.

ఇదంతా ఎక్కడ జరిగిందో కూడా చెప్పాలి. బ్రాంక్స్ పేట నడుమ నుంచి పెద్ద హైవే వేశారు. 1948లో మొదలైన పని 1970ల తొలినాళ్ళ దాకా సాగింది. వేల కుటుంబాలు ఇళ్ళు వదలాల్సి వచ్చింది. స్తోమత ఉన్నవాళ్ళు వేరేచోటికి పోయారు. అద్దెలు రాని భవనాలను బీమా డబ్బు కోసం తగలబెట్టించిన యజమానులు ఉన్నారు. రోజూ ఏదో ఒక మూల పొగ. 1975 నాటికి నగరం ఖజానా ఖాళీ అయింది, వేలమంది టీచర్లను తీసేశారు, బడుల్లో సంగీతం క్లాసులు మూతపడ్డాయి. వయొలిన్ నేర్పేవాళ్ళు లేరు, బాకా కొనిచ్చేవాళ్ళు లేరు. ఇంట్లో ఉన్నది నాన్న రికార్డు ప్లేయర్. పిల్లలు దాన్నే వాయిద్యం చేశారు. పార్కులో ఆడాలంటే కరెంటు కావాలి, వీధి దీపం స్తంభం నుంచి వైరు లాక్కున్నారు. పిల్లలూ, మీరు ఆ పని చేయకండి, చాలా ప్రమాదం. కానీ లేమిలో ఉన్న పిల్లల చేతులు ఎంత దూరం వెతుకుతాయో ఆలోచించండి. నాకు వాళ్ళమీద ఎంతో గౌరవం.

ఆ తర్వాత కథ తొందరగా చెప్పేస్తాను. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ అనే బృందం రికార్డు ఒకటి వచ్చి, ఇళ్ళల్లో రేడియోల్లో ర్యాప్ వినపడటం మొదలైంది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పేరుతో వచ్చిన 'ద మెసేజ్' అనే పాట తమ పేటలో బతుకు ఎంత ఇరుకో ఉన్నదున్నట్టు చెప్పింది. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం దాన్ని దాచుకోదగిన రికార్డుల్లో చేర్చింది. 2018లో ర్యాప్ పాడే కెండ్రిక్ లమార్‌కు సంగీతంలో పులిట్జర్ అనే అమెరికా పెద్ద బహుమతి ఇచ్చారు. అంతకుముందు ఆ సంగీత బహుమతి శాస్త్రీయ సంగీతానికీ జాజ్‌కూ తప్ప వేరేవాళ్ళకు దక్కలేదు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో, ఆ బ్రేకుల మీద ఆడుతూ పుట్టిన బ్రేక్ డాన్సుకు పోటీ పెట్టారు. మన దగ్గరికి డాన్సే ముందొచ్చింది. 80లలో చిరంజీవిగారు తెరమీద బ్రేక్ డాన్సు చేస్తే ఊరూరా కుర్రాళ్ళు అద్దాల ముందు నేర్చుకున్నారు. ఇప్పుడు హైదరాబాద్ కుర్రాళ్ళు తమ యాసలో, తమ గల్లీ మాటల్లో ర్యాప్ కడుతున్నారు. అరువు గొంతుతో కాకుండా అలా సొంత పేట మాటతో పాడినప్పుడే అది బ్రాంక్స్ దారిలో నడిచినట్టు. బూతులతో, ఆడవాళ్ళను చులకన చేసే మాటలతో నిండిన ర్యాప్ కూడా బోలెడుంది. అది నాకు నచ్చదు. మీకూ నచ్చకూడదని కోరుకుంటాను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మనం ఇంతసేపూ నీళ్ళు తోడినవాళ్ళ గురించే మాట్లాడుకున్నాం. బావి తవ్వింది ఎవరు?

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మర్ ఉండేవాడు. 1943లో టెనెసీ రాష్ట్రంలో చట్టనూగా అనే ఊళ్ళో పుట్టాడు. గురువు లేడు. ఊళ్ళో ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ళ చప్పుడు వింటూ తాళం నేర్చుకున్నానని చెప్పేవాడు. జేమ్స్ బ్రౌన్ అనే మహాగాయకుడి బృందంలో వాయించాడు. 1969 నవంబరులో సిన్సినాటీ నగరంలో 'ఫంకీ డ్రమ్మర్' అనే పాట రికార్డు చేశారు. అందులో ఇరవై సెకన్ల బ్రేక్ ఉంది. 1980లలో శాంప్లర్ అనే యంత్రం వచ్చింది. పాత రికార్డులోంచి ఒక ముక్క తీసి, ఎంతసేపంటే అంతసేపు తిప్పుతుంది. రెండు ప్లేయర్ల పని ఒక పెట్టె చేసేసింది. అప్పుడు ఆ ఇరవై సెకన్లను ఎంతమంది వాడుకున్నారో! పబ్లిక్ ఎనిమీ వంటి పేరున్న బృందాలు, పేరు లేనివాళ్ళు, వందల పాటలు. ప్రపంచంలో ఎక్కువగా తోడిన బావుల్లో అదొకటి.

క్లైడ్‌కు వాటినుంచి దాదాపు ఏమీ రాలేదు. రికార్డు మీద పాట కర్తగా ఉన్నది జేమ్స్ బ్రౌన్ పేరు. డ్రమ్ము వాయించినవాడికి చట్టంలో వాటా లేదు. 1991లో న్యూయార్క్ కోర్టు ఒకటి అనుమతి లేకుండా పాట ముక్కలు వాడుకోవడం తప్పని చెప్పింది. అప్పటినుంచి డబ్బు కట్టి వాడుకోవడం మామూలైంది. ఆ డబ్బు కూడా పాట హక్కున్నవాళ్ళకే పోయింది. క్లైడ్ ఆ తర్వాత మాడిసన్ అనే ఊళ్ళో స్థిరపడి, అక్కడి క్లబ్బుల్లో వాయించుకుంటూ బతికాడు. జబ్బు చేసినప్పుడు ఆస్పత్రి బిల్లు పెద్ద మొత్తంలో కట్టింది గాయకుడు ప్రిన్స్, అదీ ఎవరికీ తెలియనివ్వకుండా. క్లైడ్ 2017లో కన్నుమూశాడు. నాకు డబ్బుకన్నా నా పేరు చెప్పి ఉంటే బాగుండేదని ఆయన అనేవాడట. అది చదివినప్పటినుంచి నా మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

కాబట్టి ఈ వారం మీకొక పని. అమ్మనో నాన్ననో అడిగి 'ఫంకీ డ్రమ్మర్' పూర్తి నిడివి పాట పెట్టించుకోండి. తొందరపడి ముందుకు జరపకండి. ఐదు నిమిషాలు దాటాక జేమ్స్ బ్రౌన్ మిగతా వాయిద్యాలను ఆపించి డ్రమ్మరుకు చోటిస్తాడు. గొప్పగా ఏమీ వాయించనక్కర్లేదు, ఇప్పుడు వాయిస్తున్నదే వాయించమని చెబుతాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడతాడు. అందరూ ఆగుతారు, క్లైడ్ ఒక్కడే. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి తొడమీద తాళం వేయండి. పెద్ద దెబ్బల మధ్య చిన్న చిన్న దెబ్బలు, చెవికి అందీ అందనట్టు, బియ్యపు గింజలంత, వినిపిస్తాయి. వాటిని పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీ చెవులు లేతవి, తొందరగా దొరుకుతాయి. ఆ తర్వాత మీకిష్టమైన ర్యాప్ పాట పెట్టుకుని, మాటలు వదిలేసి, వెనక తిరుగుతున్న ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తోందో వేలితో చూపించండి. అది ఏ పాత రికార్డులోదో, వాయించింది ఎవరో వెతికి, ఆ పేరు నాకు ఉత్తరం రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య