కాలు జారని వాగు

వాగులో దిగితే రాళ్ల మీది పాచికి కాలు జారుతుంది. ఆ పాచిని తిని పురుగులు, ఆ పురుగుల్ని తిని చేపపిల్లలు బతుకుతాయి. అమెరికాలో త్సాయ్ అనే శాస్త్రవేత్త మేరీలాండ్, వర్జీనియా, పెన్సిల్వేనియాల్లో 149 మురుగునీటి శుద్ధి కేంద్రాల దిగువన వాగుల్ని పరిశీలించి 1973లో ఫలితాలు ప్రచురించారు. క్రిముల్ని చంపడానికి క్లోరిన్ కలిపిన నీరు పడే చోట వాగు అడుగు కడిగేసినట్టు ఉంది. మురుగు దగ్గర మామూలుగా పెరిగే జిగట పాచి కూడా లేదు. లీటరుకు 0.37 మిల్లీగ్రాములకు మించి క్లోరిన్ ఉన్న చోట ఒక్క చేపా కనిపించలేదు. చూడ్డానికి శుభ్రంగా ఉన్న ఆ నీళ్లలో ప్రాణమే లేదన్నమాట.

మురుగులో క్రిముల్ని చంపాల్సిందే, టైఫాయిడ్, కలరా ఊరికే పోవు. కానీ క్లోరిన్‌కు ఏది రోగక్రిమో, ఏది చేపో తెలియదు. పైగా మురుగులో ఉండే అమోనియాతో కలిసి అది క్లోరమైన్లుగా మారుతుంది. క్లోరిన్ అయితే కొంతసేపటికి గాలిలోకి పోతుంది. క్లోరమైన్లు అంత త్వరగా పోవు, నీటితో పాటు చాలా దూరం ప్రయాణిస్తాయి.

మరి అదే క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు మనం రోజూ తాగుతున్నాం కదా? మనం తాగినప్పుడు అది నోటిలో, కడుపులోనే విరిగిపోతుంది, రక్తం దాకా చేరదు. చేప మొప్పల్లో రక్తానికీ నీటికీ మధ్య ఉండేది పల్చటి పొరే. క్లోరిన్ ఆ పొరను కాల్చేస్తుంది. క్లోరమైన్లు దాన్ని దాటి రక్తంలోకి వెళ్లి, హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయకుండా చేస్తాయి. నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేప ఊపిరాడక చచ్చిపోతుంది. ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లు కుళాయి నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసేది ఇందుకే.

ఎంత ఉంటే ప్రమాదం? మన కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం. మంచినీటి జీవులు ఎక్కువ కాలం తట్టుకోవాలంటే 0.011 దాటకూడదని అమెరికా పర్యావరణ సంస్థ 1984లో చెప్పింది. అంటే మనకు కనీసం అన్నదాంట్లో పద్దెనిమిదో వంతు!

దీనికి విరుగుడు ఉంది. నీటిని వదిలే ముందు సల్ఫర్ డయాక్సైడ్ గానీ సోడియం బైసల్ఫైట్ గానీ కలిపితే క్షణాల్లో క్లోరిన్ హానిలేని క్లోరైడ్‌గా మారిపోతుంది. లేదంటే క్లోరిన్ బదులు అల్ట్రావయొలెట్ కాంతి వాడొచ్చు. అయితే మసక నీళ్లలో ఆ కాంతి లోపలికి చొరదు, ముందు శుద్ధి బాగా జరగాలి. మా ఊరి శుద్ధి కేంద్రం క్లోరిన్ వేస్తుందా అన్న ప్రశ్నతో మనం ఆగిపోతున్నాం. వాగులోకి వదిలేముందు దాన్ని తీసేస్తుందా అని కూడా అడగాలి.