ముక్క తీయాలంటే క్యాన్సరేనా? స్కిన్ బయాప్సీ వెనక కథ

పోయినేడాది మా పిన్నికి ముందు నోట్లో పుళ్లు, తర్వాత వీపు మీద నీటి పొక్కులు వచ్చాయి. స్కిన్ డాక్టర్ చూసి "చిన్న ముక్క తీసి పంపుదాం అమ్మా, బయాప్సీ" అన్నారు, అంతే, రాత్రికల్లా చుట్టాలందరికీ పిన్నికి క్యాన్సరట అని కబురెళ్లిపోయింది. ఫోన్లు ఎత్తలేక చచ్చాం. అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెడితే తెలిసిందేంటంటే అసలు ఆ బయాప్సీ అనే మాట పుట్టించిందే ఒక చర్మం డాక్టర్. పారిస్‌లో సెయింట్ లూయీ హాస్పిటల్ అని చర్మరోగాలకి పెద్ద పేరు, అక్కడ పనిచేసిన ఎర్నెస్ట్ బెనియే 1879లో "బయాప్సీ" అన్నాడు. గ్రీకులో బయోస్ అంటే ప్రాణం, ఆప్సిస్ అంటే చూడటం. అప్పటిదాకా కండ కోసి పరీక్షించడమంటే ఎక్కువగా శవాల మీదే కదా, ఇది బతికున్న మనిషి నుంచి తీసి చూడటం. చర్మం వాళ్లకే ఈ ఆలోచన రావడంలో వింతేం లేదు, పొట్ట కోయక్కర్లేదు, రోగం ఎదురుగా పైనే ఉంది మరి.

అంతకు ముందు కూడా ప్రయత్నాలు లేవని కాదు. బెర్లిన్‌లో గుస్టావ్ సైమన్ 1848లోనే చర్మరోగాల్ని మైక్రోస్కోప్‌తో వివరిస్తూ పుస్తకం రాశాడు (మన మొహం మీద వెంట్రుకల కుదుళ్లలో బతికే డెమోడెక్స్ అనే పురుగు సంగతి కూడా 1842లో రాశాడు, ఇది చదివాక నేను రెండుసార్లు మొహం కడుక్కున్నా). కాకపోతే ముక్క ఊరికే ఉంచితే కుళ్లిపోతుంది, మెత్తగా ఉంటే పల్చగా కోయలేం, కోసినా రంగు లేకపోతే ఏదేంటో తెలీదు. ఇవన్నీ 1870ల నుంచి 1890ల లోపు ఒక్కోటీ తీరాయి. మెక్సికో వైపు పెరిగే ఒక చెట్టు చేవ నుంచి వచ్చే హెమటాక్సిలిన్, దానికి తోడు ఇయోసిన్ అనే గులాబీ రంగు, ఇవాళ్టికీ ప్రతి స్లైడుకీ ముందు పడేది ఈ జంటే. 1887లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ కీస్ గుండ్రంగా ముక్క తీసే పంచ్ గురించి రాశాడు. ఇక ఫార్మాలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్లు) కథ నాకు భలే నచ్చింది: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లూమ్ క్రిములు చంపడానికి పనికొస్తుందేమోనని ఫార్మాల్డిహైడ్‌తో పనిచేస్తూ ఉంటే తన వేళ్ల చర్మమే గట్టిపడిపోవడం గమనించాడు, అయితే కండని కూడా ఇలాగే గట్టిపరుస్తుంది కదా అనుకున్నాడు, 1893లో అదే పద్ధతి అయింది. తర్వాతి ఏడాదే హాంబర్గ్‌లో పాల్ ఉన్నా అనే చర్మం డాక్టర్ వెయ్యికి పైగా పేజీలతో చర్మరోగాల హిస్టోపాథాలజీ (అంటే ముక్కని మైక్రోస్కోప్ కింద చూసి రోగాన్ని చదవడం) పుస్తకం వేశాడు. అక్కడి నుంచి ఇదొక ప్రత్యేక శాఖ అయిపోయింది.

మనకి దీనితో బాగా దగ్గరి లింకు కుష్టు. 1873లో నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ అనే డాక్టర్ రోగుల గడ్డల నుంచి తీసిన రసంలో సన్న పుల్లల్లాంటివి చూశాడు, వాటికి సరిగ్గా రంగు ఎక్కించింది మాత్రం 1879లో అక్కడికొచ్చిన నైసర్, తర్వాత ఎవరు ముందు అని ఇద్దరికీ పెద్ద గొడవ. ఈ క్రిమికి చుట్టూ మైనం లాంటి పొర ఉంటుంది, మామూలు ప్రాసెసింగ్‌లో అది దెబ్బతిని ఎక్కిన రంగు వదిలేస్తుంది. అందుకే ఫైట్ స్టెయిన్ అని ఒకటి వాడతారు, అందులో మైనాన్ని కరిగించే జైలీన్‌తో పాటు కలిపేది ఏంటో తెలుసా, వేరుశనగ నూనె! అవును, మన పల్లీ నూనే, ఆ పొరని కాపాడటానికి.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసాబెల్ కెర్ కుష్టు ఆసుపత్రి నడిపిన రోజుల్లో మందు అంటే చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షనే. అప్పట్లో కుష్టులో రకాల మీద ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకునేవాళ్లు కాదు. 1960ల్లో రిడ్లీ, జోప్లింగ్ అనే ఇద్దరు డాక్టర్లు ముక్కలు చూసి ఐదు రకాలుగా వరస పెట్టారు. ఒక కొసన క్రిములు దాదాపు కనపడవు, మన ఒంట్లో రక్షణ కణాలే గుంపుగా చేరి నరాన్ని తినేస్తుంటాయి, రెండో కొసన నురగలా ఉబ్బిన కణాల నిండా క్రిములే. అంటే రోగం ఒకటే, ఒళ్లు దాన్ని ఎదుర్కొనే తీరు వేరు, అది స్లైడు మీద కనపడింది. ఇప్పుడు ప్రభుత్వ ప్రోగ్రాంలో మచ్చలు లెక్కపెట్టి, స్పర్శ చూసి, నరాలు తడిమి మందు మొదలుపెడతారు, ముక్క తీసేది డౌట్ ఉన్న చోటే. 2005 చివరికి దేశంలో పదివేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని ప్రకటించేసరికి చాలామంది కుష్టు పోయిందనుకున్నారు, పోలేదు, కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి.

సరే పొక్కుల సంగతి. పెంఫిగస్, పెంఫిగాయిడ్ అని రెండున్నాయి, పేర్లే కవలల్లా ఉన్నాయి, పైకి చూస్తే రోగం కూడా అంతే. 1953లో అమెరికాలో వాల్టర్ లీవర్ రెండూ వేరు అని స్లైడు మీద చూపించేదాకా కలిపేసేవాళ్లు. పెంఫిగస్‌లో గోడలో ఇటుకల మధ్య సిమెంట్ రాలిపోయినట్టు కణాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి, పెంఫిగాయిడ్‌లో గోడకి గోడే పునాది మీంచి పైకి లేస్తుంది. ఇది ఊరికే పేర్ల తేడా కాదు, స్టెరాయిడ్లు రాకముందు పెంఫిగస్ వస్తే ఎక్కువమంది బతికేవాళ్లు కాదు. 1964లో బ్యూట్నర్, జోర్డన్ పెంఫిగస్ రోగుల రక్తంలో సొంత చర్మం మీదే దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయని మెరిసే రంగులతో చూపించారు, అదే ఇమ్యునోఫ్లోరసెన్స్. మన దగ్గర ఎక్కువగా కనపడేది పెంఫిగసే.

ఇక్కడే మా పిన్ని కేసు ఇరుక్కుంది. మామూలు ముక్క పొక్కు అంచు నుంచి తీసి ఫార్మాలిన్‌లో వేస్తారు, మెరుపు పరీక్షకి మాత్రం పొక్కు పక్కన బాగున్న చర్మం తీయాలి, ఫార్మాలిన్ అస్సలు తగలకూడదు, తగిలితే యాంటీబాడీ పట్టుకోవాల్సింది పాడైపోతుంది. మొదటిసారి చూపించిన చోట రెండు ముక్కలూ ఒకే సీసాలో ఫార్మాలిన్‌లో వేసేశారు. ఫారం మీద కూడా "స్కిన్ బయాప్సీ" అని రెండు మాటలే, వయసు లేదు, నోట్లో పుళ్ల సంగతి లేదు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెల రోజులు రాసిన స్టెరాయిడ్ ట్యూబు సంగతి అసలే లేదు. ఆ ట్యూబులు స్లైడు మీద బొమ్మనే మార్చేస్తాయంట. సోరియాసిస్, తామర కూడా ఒక్కోసారి ఒకేలా కనపడతాయని, ఫారం మీద ఏమీ రాయకపోతే తాము చీకట్లో వెతుక్కున్నట్టేనని తర్వాత ఒక పాథాలజిస్ట్, అంటే స్లైడ్లు చూసి రోగం చెప్పే డాక్టర్, చెప్పారు.

ఆవిడే ల్యాబ్ కూడా చూపించారు. రాత్రంతా ఆల్కహాల్, జైలీన్, కరిగిన మైనం గుండా వెళ్లిన ముక్క తెల్లారేసరికి మైనం దిమ్మలో కూర్చుంది, పల్చగా కోసే మైక్రోటోమ్ అనే మిషన్ మీద ఒకాయన చక్రం తిప్పుతుంటే నాలుగైదు మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పొరలు రిబ్బన్‌లా వస్తున్నాయి, వాటిని గోరువెచ్చని నీళ్లలో వదిలితే ముడతలు పోయి పరుచుకున్నాయి, ఒక్కటి స్లైడు మీదకి ఎత్తుకున్నాడు, ఆయన ఊపిరి కూడా మెల్లగా వదులుతున్నాడు.

రెండోసారి నాలుగు మిల్లీమీటర్ల పంచ్‌తో కొత్త ముక్క తీసి సెలైన్‌లో వేశారు, అదేరోజు చేరాలన్నారు. సీసా మీద స్కెచ్‌పెన్‌తో "ఫార్మాలిన్ కాదు" అని పెద్దగా రాసి నా చేతికిచ్చారు, దాన్ని ఐస్ ప్యాకుల మధ్య పెట్టి, థర్మాకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆటో అతన్ని గుంతలు చూసి పోనీ అన్నా అని బతిమాలుకుంటూ వెళ్లా. వారానికి రిపోర్ట్ వచ్చింది, పెంఫిగస్ వల్గారిస్. ఫొటో కూడా పెట్టారు, చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తున్న చేపల వల. పిన్ని దాన్ని చాలాసేపు చూసి "ఇది నా వీపేనా" అంది, ఆ తర్వాత ఫోన్ తీసి ఒక్కొక్క చుట్టానికీ క్యాన్సర్ కాదని తనే చెప్పుకుంటూ కూర్చుంది.