సదస్సు ఎన్ని గంటలకు ముగుస్తుంది?

నల్లగొండ

బిడ్డలారా,

మొన్న ఫోన్‌లో పెద్దది అడిగింది. "అమ్మమ్మా, మా యూనివర్సిటీలో మహిళా నాయకత్వం, సమన్యాయం అని రెండు రోజుల సదస్సు పెడుతున్నరు. శాలువాలు కప్పుకుంటరు, ఫొటోలు దిగుతరు. దానితోటి ఏమైతది? సమన్యాయానికీ సమానత్వానికీ తేడా ఏంది?" అని. పక్కనుంచి చిన్నోడు "మగపిల్లలం మేమెందుకు పోవాలె?" అన్నాడు. అది ఫోన్‌లో తెగే ముచ్చట కాదని ఉత్తరం రాస్తున్నాను.

శాలువాల మాట నిజమే. నేనూ చాలా చూశాను. కానీ మన దగ్గర ఇలాంటి సభల పుట్టుక యూనివర్సిటీలకంటే చాలా పాతది. 1930లో జోగిపేటలో, నిజాం పాలనలోని తెలుగువాళ్ల సంస్థ అయిన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగింది. అధ్యక్షుడు మన పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆడవాళ్ల సభ వేరుగా జరిగింది. మరుసటి ఏడు మన దేవరకొండలో. 1936లో షాద్‌నగర్‌లో జరిగినప్పుడు మహిళా సభను నడిపింది బూర్గుల అనంతలక్ష్మమ్మ. వేరే పందిరి అనగానే చిన్నచూపు అనుకోకండి. ఘోషా (పరదా) ఉన్న ఆ రోజుల్లో నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, ఒక తీర్మానం చదివి చేతులెత్తించడం మన ఆడవాళ్లు నేర్చుకున్నది అలాంటి పందిళ్ల కిందే.

అయితే అక్కడికి వచ్చింది ఎక్కువగా చదువుకున్న ఇండ్ల వాళ్లు. చాకలి ఐలమ్మ సంగతి వేరు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో, జనం 'సంఘం' అని పిలిచే ఆంధ్ర మహాసభ అండతో విసునూరు దేశ్‌ముఖ్ అనే పెద్ద భూస్వామిని ఎదిరించి పంట ఇంటికి తెచ్చుకుంది. ఆమె ఏ సదస్సులోనూ పత్రం చదవలేదు. ఇప్పుడు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే పెట్టారు. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, కండ్లలో నీళ్లూ వస్తాయి.

యూనివర్సిటీలకు ఈ విషయం పట్టింది 1970లు వచ్చాకే. ప్రభుత్వం వేసిన ఒక కమిటీ 1974లో స్త్రీల స్థితి మీద నివేదిక ఇచ్చింది. 1901లో వెయ్యిమంది మగవాళ్లకు 972 మంది ఆడవాళ్లుంటే, 1971కి 930కి పడిపోయారని అందులో తేలింది. స్వాతంత్ర్యం వచ్చింది కదా, అంతా బాగుపడుతున్నదని అనుకుంటున్న పెద్దలకు అది చెంపదెబ్బ. 1981లో ముంబైలో స్త్రీల అధ్యయనాల మీద మొదటి జాతీయ సదస్సు జరిగింది. 1995లో బీజింగ్‌లో ఐక్యరాజ్యసమితి మహిళా సదస్సు అయ్యాక 'నాయకత్వం' అనే మాట బ్యానర్ల మీదికి బాగా ఎక్కింది.

ఇక నేను పనిచేసిన కాలేజీ ముచ్చట. నేను కొత్తగా చేరినప్పుడు మహిళా సదస్సంటే వేదిక మీద ఆరుగురు మగవాళ్లు, 'స్త్రీ ఇంటికి దీపం' అని ఉపన్యాసాలు. ప్రార్థన పాడటం, గుత్తులందివ్వటం, చాయ్ పంచటం ఆడ లెక్చరర్ల పని. మూడేండ్లు నేనే పాడాను. నాలుగో ఏడు గొంతు బాగాలేదని అబద్ధం చెప్పాను.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, పంచాయతీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకు దక్కాక, ఒకసారి మహిళా సర్పంచులను పిలిచాం. ఒకామె భర్తతో వచ్చింది. ఆయన నేరుగా పోయి ఆమె పేరున్న కుర్చీలో కూర్చున్నాడు! ఎవరూ ఏమీ అనలేదు, నాతో సహా. చివరికి ఒక డిగ్రీ పిల్ల లేచి, "సార్, సర్పంచమ్మను అడుగుతున్నా, మీ ఊర్లో నీళ్ల గోస ఎట్లుంది?" అంది. ఆమె కొంగు సర్దుకుని లేచింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, వంకర్లు పోయిన పిల్లల కాళ్లు, మంచినీళ్ల కోసం పోయే దూరం, అన్నీ చెప్పింది. ఆ రోజు ఆ పావుగంట విన్నదే నాకు గుర్తుంది. మిగతా ఉపన్యాసాలు ఒక్కటీ గుర్తులేవు. తర్వాత మన దగ్గర పంచాయతీల్లో ఆడవాళ్ల వాటా మూడోవంతు నుంచి సగం సీట్లకు పెరిగింది. కుర్చీలో కూర్చునే భర్తలు మాత్రం ఇంకా తగ్గలేదు.

సమానత్వానికీ సమన్యాయానికీ తేడా ఏమిటని కదా ఇంకో ప్రశ్న. మా కాలేజీ లైబ్రరీ రాత్రి ఎనిమిది దాకా అందరికీ తెరిచి ఉండేది. రూలు అందరికీ ఒకటే, కాబట్టి సమానత్వమే. కానీ ఆడపిల్లల హాస్టల్ గేటు ఆరున్నరకే వేసేవారు. ఊర్ల నుంచి వచ్చే పిల్లలకు ఆఖరి బస్సు అంతకంటే ముందే. మరి ఆ లైబ్రరీ ఎవరికి తెరిచినట్టు? ఆ సందు కనిపెట్టి పూడ్చడమే సమన్యాయం. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు డబ్బులు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తున్నారు, మంచిదే. కానీ బస్సే లేని వేళకు ఆ టికెట్ ఏం చేసుకుంటారు?

చిన్నోడా, నువ్వు పోవాల్సింది అందుకే. గేటు టైము నిన్ను ఎప్పుడూ ఆపలేదు, కాబట్టి నీకది కనపడదు. పాలమూరులో అమ్మానాన్న వలస పోతే బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకునే పిల్ల ఏమనుకుంటదో ఆ పిల్ల నోటితోనే వినాలి. నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు, కానీ మైకు పట్టుకుని కూర్చోకు.

పెద్దదానా, నువ్వు కార్యక్రమ పత్రం చేతికి రాగానే రెండు చూడు. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినే కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కడైనా వేశారా? 2013 చట్టం ప్రకారం ఆ కమిటీకి ఒక మహిళే అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లుండాలి. రెండోది, ముగింపు సభ ఎన్ని గంటలకు పెట్టారు? ఏడింటికి అని ఉంటే ఇప్పుడే పోయి అడుగు, మునుగోడు వైపు పోయే పిల్లలు ఇంటికెట్ల పోతరని. ఏమన్నారో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. తొమ్మిది దాకా మేలుకునే ఉంటాను.

మీ అమ్మమ్మ