హీట్ పంప్ గీజర్ వైరింగ్: ఎంసీబీ ఉంటే చాలనుకుంటున్నారా?

హీట్ పంప్ గీజర్ అంటే మరీ కొత్త వింతేమీ కాదు. ఏసీ గదిలోని వేడిని బయటికి తోస్తే, ఇది బయటి గాలిలోని వేడిని లాక్కుని ట్యాంకులో నీళ్లకు ఇస్తుంది. లోపల అదే కంప్రెసర్, అదే గ్యాసు. ఏ కంపెనీది కొనాలో వారాల తరబడి ఆలోచించినవాళ్లు కూడా వైరింగ్ దగ్గరికొచ్చేసరికి "పాత పాయింటు ఉందిగా అన్నా, అక్కడే తగిలించెయ్" అంటారు. మొదటి అపోహ అక్కడే మొదలు.

అపోహ: ఇది కరెంటు తక్కువ తింటుంది, పాత గీజర్ పాయింటు సరిపోతుంది.

సగం నిజం. ఇళ్లలో పెట్టే చాలా మోడళ్లలో కంప్రెసర్ ఒక్కటే నడిస్తే కిలోవాటుకు అటూ ఇటూ లాగుతుంది. మామూలు గీజర్ 2 కిలోవాట్లు. కానీ చాలావాటిలో చలికాలం కోసం బ్యాకప్ హీటర్ కూడా ఉంటుంది. రెండూ కలిసి నడిస్తే 2.5 నుంచి 3 కిలోవాట్లు, అంటే 11 నుంచి 13 ఆంపియర్లు. మామూలు గీజర్ కాసేపు వెలిగి ఆగుతుంది, ఇది గంటల తరబడి నడుస్తుంది. 16 ఆంపియర్ల సాకెట్ లెక్కప్రకారం తట్టుకోవాలి. అందులో పిన్ను వదులైతే మాత్రం ముందు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత వాసన వస్తుంది.

మెషిన్ మీది స్టిక్కర్‌లో గరిష్ఠ కరెంటు ఎంతో చూడండి. మెయిన్ బోర్డు నుంచి దానికంటూ వేరే లైను లాగించండి, మధ్యలో అతుకులు వద్దు. నేనైతే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరే వేస్తాను. పాత మేస్త్రీల లెక్కలో దాదాపు 7/20. డాబా మీదికి 30 మీటర్లు లాగితే, 13 ఆంపియర్ల దగ్గర 2.5 వైరులో దాదాపు 7 వోల్టులు దారిలోనే పోతాయి. 4 వైరులో నాలుగు పైచిలుకు.

అపోహ: ఎంసీబీ ఉంది, ఎర్తింగ్ ఉంది. ఇక షాక్ కొట్టదు.

ఎంసీబీ అంటే లైనులో కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే, అంటే ఆఫ్ అయ్యే స్విచ్. అది కాపాడేది వైరుని, మనిషిని కాదు. తడి చేతులతో ఉన్న మనిషి గుండా పోయే కరెంటు వంద, రెండొందల మిల్లీ ఆంపియర్లు ఉండొచ్చు. ప్రాణం పోవడానికి అది చాలు. 20 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు.

మరి ఎర్తింగ్ ఉందిగా అంటారు. లెక్క చూద్దాం. ఇంటి ఎర్త్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకోండి. వేసవిలో నీళ్లు పోయని గుంతల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఫేజ్ వైరు మెషిన్ బాడీకి తగిలితే ఎర్త్‌లోకి పోయేది మహా అయితే 230/10, అంటే 23 ఆంపియర్లు. 20 ఆంపియర్ల ఎంసీబీ 22.6 ఆంపియర్ల దాకా గంటసేపు పడకుండా నిలబడేలా తయారవుతుంది. కాబట్టి 23 దగ్గర ఎప్పుడు పడుతుందో చెప్పలేం. సి టైపు ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం 100 ఆంపియర్లు కావాలి. అప్పటిదాకా బాడీలో కరెంటు అలాగే ఉంటుంది, దాన్ని ముట్టుకునేది పిల్లలు కావచ్చు.

అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకో మనిషిలోకో లీకైతే పడే స్విచ్) ఉంటే, ఎర్త్ 100 ఓమ్‌లు ఉన్నా లీకయ్యేది 2.3 ఆంపియర్లు. రెప్పపాటులో పడిపోతుంది. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా దొరుకుతాయి, అవి అగ్నిప్రమాదాల కోసం, మనిషి కోసం కాదు. ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే ఓవర్‌లోడ్‌కు పడదు, ఎంసీబీ కూడా ఉండాల్సిందే. రెండూ కలిసిన ఆర్‌సీబీవో ఈ లైనుకు విడిగా పెడితే అన్నిటికంటే మేలు. మెషిన్‌లో ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునేది) అయితే ఆర్‌సీబీవో 'AC' టైపు కాకుండా 'A' టైపుది అడగండి. కంపెనీ మాన్యువల్ ఇంకోటి చెబితే దాన్నే పాటించండి.

అపోహ: ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది, డైరెక్ట్ చేసేస్తే గొడవ ఉండదు.

నాకు ఒళ్లు మండే మాట ఇది. ఊరికే పడదు. ఒక లైను న్యూట్రల్ ఇంకో లైనుతో కలిసి ఉంటుంది, లేదా హీటర్ కాయిల్ లీకవుతుంది, లేదా డాబా మీది జంక్షన్ బాక్సులోకి వాన నీళ్లు వెళ్లి ఉంటాయి. ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే ముందు దాని న్యూట్రల్ ఎక్కడ కలిపారో చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

అపోహ: టెస్ట్ బటన్ నొక్కితే పడింది, కాబట్టి ఎర్తింగ్ బాగుంది.

ఎర్త్ వైరు అసలు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. అది చూసేది ఆర్‌సీసీబీ లోపలి మెకానిజాన్ని మాత్రమే.

అపోహ: ఎర్త్ లేకపోతే న్యూట్రల్‌కు లింకు కొట్టేస్తే సరి.

వద్దే వద్దు. ఆ న్యూట్రల్ స్తంభం దగ్గరో మీటరు దగ్గరో ఊడితే, మెషిన్ బాడీ మీదికి 230 వోల్టులు వచ్చేస్తాయి.

అపోహ: మెయిన్ ఆపేశాం, మూత తీసెయ్యొచ్చు.

ఇన్వర్టర్ బోర్డు కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగి, మీటర్‌తో చూసి గానీ చెయ్యి పెట్టకూడదు. మెషిన్ పక్కనే వానకు తడవని ఐసొలేటర్ (లైనును విడదీసే స్విచ్) ఒకటి ఉండాలి. దాన్ని ఆపి ఉంచితే, కింద ఎవరో తెలియక మెయిన్ ఆన్ చేసినా పైన పనిచేసేవాడికి ఏమీ కాదు.

అపోహ: రంగుకు రంగు కలిపితే కనెక్షన్ అయిపోయినట్టే.

మన గోడల్లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. చాలా మెషిన్ల కేబుల్‌లో మాత్రం గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్. త్రీ ఫేజ్ ఇంట్లో నీలానికి నీలం, గోధుమకు ఎరుపు కలిపితే మెషిన్‌కు 400 వోల్టులు వెళ్తాయి. బోర్డు అక్కడికక్కడే కాలిపోతుంది. అందుకే కనెక్షన్ ఇచ్చే ముందు టెస్టర్‌ని నమ్మకుండా మల్టీమీటర్ పెట్టమనండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 దగ్గర్లో ఉండాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. పదులు చూపిస్తే మెషిన్ తగిలించకండి, ముందు న్యూట్రల్‌లో గానీ ఎర్త్‌లో గానీ తేడా ఎక్కడుందో వెతికించండి. ఎర్తింగ్ ఎంత బలంగా ఉందో మల్టీమీటర్ చెప్పలేదు, దానికి ఎర్త్ టెస్టర్ ఉన్న లైసెన్స్‌డ్ ఎలక్ట్రీషియన్ని పిలవండి.