గుర్రంలో దాక్కునే హెర్పిస్: 90 ఏళ్ల వెనకటి కథ

2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో జంపింగ్ పోటీలకు వచ్చిన గుర్రాలకు జ్వరాలు మొదలయ్యాయి. కొన్నింటికి వెనక కాళ్లు పట్టు తప్పి, లేవలేక కూలబడిపోయాయి. అక్కడి నుంచి ఇంటిదారి పట్టిన గుర్రాలతో జబ్బు ఇతర దేశాలకూ పాకింది. మొత్తం 18 గుర్రాలు చనిపోయాయి. యూరప్‌లో పోటీలు వారాల తరబడి ఆగిపోయాయి. కారణం ఈహెచ్‌వీ-1 (ఈక్వైన్ హెర్పిస్ వైరస్-1) అనే గుర్రాల హెర్పిస్ వైరస్. అదేమీ కొత్తది కాదు.

1930లలో అమెరికాలోని కెంటకీలో చూడి గుర్రాలు పైకి ఏ జబ్బూ కనిపించకుండానే చివరి నెలల్లో ఈసుకుపోయేవి, అంటే వాటికి గర్భస్రావం అయ్యేది. దీనికి వైరస్ కారణమని డిమాక్, ఎడ్వర్డ్స్ అనే పరిశోధకులు గుర్తించారు. చిన్న వయసు గుర్రాలకు వచ్చే జలుబు, దగ్గు కూడా దీని పనేనని 1950లలో తెలిసింది. 1966లో నార్వేలో పక్షవాతం వచ్చిన గుర్రంలోనూ ఇదే వైరస్ దొరికింది. 1981 నాటికి డీఎన్‌ఏను ముక్కలు చేసి పోల్చి చూస్తే, ఒకటే అనుకున్నవి నిజానికి రెండు వైరస్‌లని తేలింది. ఎక్కువగా శ్వాస జబ్బుకే పరిమితమయ్యే రెండోదాన్ని ఈహెచ్‌వీ-4 అన్నారు.

జలుబు తెచ్చే వైరస్ గర్భం మీద, నరాల మీద ఎలా దెబ్బ కొడుతుంది? ఈహెచ్‌వీ-1 ముక్కు ద్వారా లోపలికి వెళ్లి, తెల్ల రక్తకణాలతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. సన్నటి రక్తనాళాల లోపలి పొరకు సోకుతుంది. అక్కడ వాపు వచ్చి, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గర్భసంచిలో ఇలా జరిగితే పిల్ల దక్కదు. వెన్నుపాములో జరిగితే నడక తూలుతుంది, తోక వేలాడిపోతుంది, మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతుంది. రెండుచోట్లా జరిగే నష్టం ఒకటే. నా దృష్టిలో ఈ వైరస్ గురించి ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

రెండో సంగతి, అది ఒంట్లోంచి పోదు. గుర్రం కోలుకున్నాక కూడా నరాల ముడుల్లో, రక్తకణాల్లో నిద్రపోతుంది. దూర ప్రయాణం, తల్లి నుంచి పిల్లను విడదీయడం లాంటి ఒత్తిడి వస్తే మళ్లీ లేస్తుంది. అప్పుడు ఆరోగ్యంగా కనిపించే గుర్రమే పక్కవాటికి అంటించగలదు. ఎక్కడెక్కడి గుర్రాలో ఒకే కప్పు కింద చేరే పోటీల్లో ప్రమాదం ఎక్కువన్నది ఇందుకే.

గాడిదలకూ సొంత హెర్పిస్ వైరస్‌లు ఉన్నాయి. ఇక 2010లో జర్మనీలోని వుప్పర్టాల్ జూలో ఒక ధ్రువపు ఎలుగుబంటి మెదడువాపుతో చనిపోయింది. దానిలో దొరికింది ఈహెచ్‌వీ-1, జీబ్రాలకు సంబంధించిన ఈహెచ్‌వీ-9 కలగలిసి పుట్టిన వైరస్. గుర్రాల జాతి దాటి ఇంత దూరం వెళ్లగలదంటే, దీన్ని గుర్రాల యజమానుల గొడవగా మాత్రమే చూడకూడదు.

టీకాలున్నాయి. వాటివల్ల శ్వాస జబ్బు తీవ్రత, గర్భస్రావాలు తగ్గుతాయి. పక్షవాతాన్ని ఆపుతుందని మాత్రం ఏ టీకా మీదా హామీ లేదు. అందుకే జబ్బు సోకిన లాయంలో ప్రతి గుర్రానికీ రోజుకు రెండుసార్లు టెంపరేచర్ చూస్తారు. కాళ్లు తడబడటానికి కొన్ని రోజుల ముందే జ్వరం కనబడుతుంది, ఆ గుర్రాన్ని విడిగా కట్టేయడానికి దొరికే సమయం అదే.