టవర్ మీది పెట్టె ఎవరిది? నెట్‌వర్క్ కాంట్రాక్టులపై అపోహలు - వాస్తవాలు

ఏ పెళ్లికి వెళ్లినా నాకు తప్పని మాట ఒకటుంది. "మా ఊళ్లో సిగ్నల్ రావట్లేదు, మీ టవర్ కాస్త బాగుచేయించు బాబూ!" ఆ టవర్ నాది కాదు. నేను పరికరాలు అమ్మే కంపెనీల తరఫున సైట్లలో (టవర్లుండే చోట్ల) రేడియోలు, అంటే ఫోన్లకు సిగ్నల్ పంపి అందుకునే పెట్టెలు, పెట్టించే ఇంజినీర్ని. మా భాషలో వెండర్ మనిషిని.

అపోహ: టవర్ మీద ఉన్నవన్నీ ఆపరేటర్ (జియో, ఎయిర్‌టెల్ లాంటి ఫోన్ కంపెనీ) తయారుచేసినవే.

ఇనుప టవర్ చాలాచోట్ల ఇండస్ టవర్స్ లాంటి కంపెనీది. దాని మీది రేడియోలు ఎక్కువగా ఎరిక్సన్, నోకియా, శాంసంగ్‌లవి. జియో తన కోర్ నెట్‌వర్క్‌ను (కాల్స్, డేటాను నడిపించే మధ్య భాగాన్ని) సొంతంగా తయారుచేసుకుంది కానీ, 5జీ రేడియోల కోసం 2022లో ఎరిక్సన్, నోకియాల దగ్గరికే వెళ్లింది.

అపోహ: తక్కువ ధర చెప్పినవాడికే కాంట్రాక్టు.

ఎల్‌1 (అతి తక్కువ ధర చెప్పినవాడికే పని) లెక్క ప్రభుత్వ టెండర్లలో నడుస్తుంది. ప్రైవేటు ఆపరేటర్ పెళ్లి ఖర్చుతో పాటు కాపురం ఖర్చు కూడా చూస్తాడు. రేడియో ఎంత కరెంటు తాగుతుంది? ఎంత బరువుంది? టవర్ మీద బరువు పెరిగితే అద్దె పెరగొచ్చు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ కాంట్రాక్టు) సరేసరి. పెట్టె చౌకగా ఇచ్చి, సామర్థ్యం పెంచమన్నప్పుడు లైసెన్సుల్లో రాబట్టుకోవడం మా వ్యాపారంలో పాత విద్యే. ఎయిర్‌టెల్ 2004లోనే దీనికి విరుగుడు కనిపెట్టింది. పెట్టెలకు కాకుండా, వాడుకున్న కెపాసిటీకి ఎర్లాంగుల లెక్కన డబ్బు కడతానంది. ఎర్లాంగ్ అంటే ఫోన్ ట్రాఫిక్‌కు కొలమానం.

అపోహ: ప్రమాణాలన్నీ ఒకటే కాబట్టి వెండర్‌ను మార్చడం బల్బు మార్చినంత సులువు.

నాకు బాగా కోపం తెప్పించే అపోహ ఇదే. మీ ఫోనుకీ రేడియోకీ మధ్య నడిచే భాష 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ వేదిక) ప్రమాణం, అది అందరికీ ఒకటే. రేడియోకీ కింద బాక్సులో ఉండే బేస్‌బ్యాండ్‌కీ (సిగ్నల్ లెక్కలు చేసే యూనిట్‌కీ) మధ్య సీపీఆర్‌ఐ అనే లింకు ఉంటుంది. పేరు అందరికీ ఒకటే అయినా, లోపల ఎవరి యాస వారిది. అందుకే ఒకే సైట్‌లో ఒకరి రేడియో, ఇంకొకరి బేస్‌బ్యాండ్ సాధారణంగా కలవవు. ఆపరేటర్లు వెండర్లను సర్కిళ్ల (టెలికాం లైసెన్సు ప్రాంతాల) వారీగా పంచేదీ అందుకే. (రాష్ట్రాలు విడిపోయినా, టెలికాం లెక్కల్లో తెలంగాణ, ఆంధ్ర కలిపి ఇప్పటికీ ఒకటే సర్కిల్.)

మార్చే పనిని స్వాప్ అంటాం. జనం ఫోన్లు వాడని అర్ధరాత్రి మొదలుపెట్టి, తెల్లారేలోపు ముగించాలి. ఒకసారి ఒక క్లస్టర్ (పక్కపక్క సైట్ల గుంపు) మొత్తం మార్చాం. పొద్దున్నే పాత వెండర్ సైట్ల సరిహద్దులో కాల్స్ తెగిపోవడం మొదలైంది. కాల్ ఏ సైట్‌కి మారాలో చెప్పే పక్క సైట్ల జాబితా మేమే తప్పుగా ఎక్కించాం. రెండు రోజులు నిద్ర లేదు, టెన్షన్ చెప్పక్కర్లేదు. ఈ భయమే పాత వెండర్‌కు పెద్ద బలం.

5జీలో ఇది ఇంకా ముదిరింది. ఎయిర్‌టెల్ ఎంచుకున్న నాన్-స్టాండలోన్ పద్ధతిలో 5జీ రేడియో 4జీ మీద ఆనుకుని నడుస్తుంది. కింద ఎవరి 4జీ ఉంటే పైన వారి 5జీ పెట్టడమే తేలిక. జియో స్టాండలోన్‌కు వెళ్లింది కాబట్టి ఆ ముడి లేదు. 4జీ రేడియోలు దాదాపు అన్నీ శాంసంగ్‌వే అయినా, 5జీకి వేరేవాళ్లను పిలవగలిగింది. నా ఉద్దేశంలో ఆ నిర్ణయంతో దానికి బేరమాడే బలం కూడా వచ్చింది.

అపోహ: ఓపెన్ ర్యాన్ వచ్చింది, ఇక పెద్ద వెండర్ల పని అయిపోయింది.

రేడియోకీ బేస్‌బ్యాండ్‌కీ మధ్య లింకు గురించి పైన చెప్పాను కదా, దాన్ని అందరికీ ఒకేలా చేయడమే ఓపెన్ ర్యాన్ (ర్యాన్ అంటే రేడియో యాక్సెస్ నెట్‌వర్క్) ఉద్దేశం. దీనికోసం 2018లో ఓ-ర్యాన్ అలయన్స్ పుట్టింది. అయితే 2023 డిసెంబరులో అమెరికాలో ఏటీ అండ్ టీ ఓపెన్ ర్యాన్ పేరుతోనే సుమారు 1,400 కోట్ల డాలర్ల పనిని ఎరిక్సన్‌కు ఇచ్చింది. నష్టపోయింది నోకియా. కొత్తవాళ్ల కోసం తెరిచిన తలుపులోంచి పాత చుట్టమే లోపలికొచ్చాడు.

అపోహ: చైనా కంపెనీలను భారత్ పేరు పెట్టి నిషేధించింది.

లేదు. 2021 జూన్ 15 నుంచి కొత్త పరికరాలను ప్రభుత్వం ఆమోదించిన 'ట్రస్టెడ్ సోర్స్' నుంచే కొనాలి. పాతవి పీకేయమని ఆ ఆదేశం చెప్పలేదు, నడుస్తున్న ఏఎంసీల జోలికీ పోలేదు. కొత్త ఆర్డర్లు ఎటు పోయాయో మాత్రం అందరికీ తెలుసు. వొడాఫోన్ ఐడియా 2024లో మూడేళ్లకు ఇచ్చిన దాదాపు 30,000 కోట్ల రూపాయల పనిని నోకియా, ఎరిక్సన్, శాంసంగ్ పంచుకున్నాయి.

అపోహ: ఈ పరికరాలు మనవాళ్లకు చేతకావు.

బీఎస్‌ఎన్‌ఎల్ 2020లో 4జీ టెండర్‌ను రద్దు చేసుకుని స్వదేశీ దారి పట్టింది. మన దేశపు కంపెనీ తేజస్ రేడియోలు, ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ కోర్, కలిపి కట్టే పని టీసీఎస్‌ది. 2025 సెప్టెంబరు 27న ప్రధాని దాన్ని ప్రారంభించారు. అప్పటికి ప్రైవేటు కంపెనీలు 5జీ మొదలుపెట్టి మూడేళ్లు కావస్తోంది. ఆలస్యం నిజం, నెట్‌వర్క్ నడుస్తోందన్నదీ నిజం.

అపోహ: సిగ్నల్ రాకపోతే తప్పు వెండర్‌దే.

ఒకే మోడల్ రేడియో ఒక ఊళ్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పక్క ఊళ్లో తిట్లు తింటుంది. ఆ మధ్య ఒక పెళ్లిలో అడిగినాయన ఊరికి వెళ్లి చూశాను. దగ్గరి సైట్ 4 కిలోమీటర్ల దూరంలో ఉంది, మధ్యలో మామిడితోట. కరెంటు పోయిన అరగంటకే బ్యాటరీ చేతులెత్తేస్తోంది. ఆ బ్యాటరీ మాది కాదు, టవర్ కంపెనీది.